మైనంలో దౌడపన్ను

కొత్తగా చేరిన పిల్లలను నేను మొదటిరోజు అడిగే ప్రశ్న ఒక్కటే. "నోరు మూసి, పైపళ్ళు కింది పళ్ళ మీద ఆనించండి. ఎక్కడెక్కడ తగులుతున్నాయో చెప్పండి." అంతే, ల్యాబ్ నిండా బుగ్గలు బిగించుకున్న మొహాలే. ఒకరు ముందుపళ్ళు అంటారు, ఒకరు అన్నీ తగులుతున్నాయంటారు, ఇంకొకరు పక్కవాడి నోట్లోకి తొంగి చూస్తారు. ఊహ తెలిసినప్పటి నుంచీ నములుతూనే ఉన్నారు కానీ నమిలేది ఎట్లాగో ఎవరికీ తెలియదు. "ఇన్నేళ్ళు మరి ఏం తిని బతికిన్రు?" అని అడుగుతాను. నవ్వుతారు. నవ్వినప్పుడు మళ్ళీ పళ్ళు బయటపడతాయి కాబట్టి నాకు పాఠం మొదలుపెట్టడం సులువవుతుంది.

దంతవైద్య కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు పన్ను రూపం, పైపళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరూ నేర్పడం నా ఉద్యోగం. పుస్తకాలున్నాయి, బొమ్మలున్నాయి, ఇప్పుడు ఫోన్లో పన్నును గిరగిరా తిప్పి చూపించే వీడియోలూ ఉన్నాయి. అయినా ఒక మైనం దిమ్మె, ఒక సన్న కత్తి చేతికిచ్చి "దీంట్లోంచి పన్ను తియ్" అన్నప్పుడే వాళ్ళకు పన్నంటే ఏమిటో తెలుస్తుంది. కంటికి వచ్చిన విద్య చేతికి రాలేదని మొదటి గంటలోనే బయటపడుతుంది. కోరపన్ను మొదలుపెట్టినవాడు కాసేపటికి శనగగింజంత ముక్క తెచ్చి చూపిస్తాడు. కుడివైపు పన్ను చెక్కమంటే అద్దంలో చూసుకుని ఎడమవైపుది చెక్కి తెచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. "ఇంట్ల సబ్బులన్నీ చెక్కుతున్ననని మా అమ్మ తిడుతుంది మేడం" అని ఒకడు గోడు వెళ్ళబోసుకుంటాడు. సబ్బు మీద చెయ్యి సాధన చెయ్యమన్నది నేనే కాబట్టి ఆ తిట్లలో నాకూ వాటా ఉంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బాల్కొండలో పసుపు, మక్క పండించే ఇంట్లో పుట్టినదాన్ని. అవతలి గట్టు మీద ఉన్న మనిషిని కేకేసి పిలిచి పిలిచి పెరిగిన గొంతు నాది. పెళ్ళయ్యాక పెర్కిట్‌లో ఇల్లు కట్టుకున్నాం. గొంతు మాత్రం తగ్గలేదు. నేను ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే కత్తుల చప్పుడు కూడా సద్దుమణుగుతుందని పిల్లలు చెప్పుకుంటారట. అది పొగడ్తో దెప్పో నేనెప్పుడూ విచారించలేదు. ఆ గదిలో స్పిరిట్ దీపాలు వెలుగుతుంటాయి, గాలికి మంట ఆగదు కాబట్టి ఫ్యాన్లు వేయడానికి లేదు. మా దగ్గర ఎండాకాలం మైనానికి కూడా చెమట పడుతుంది. చల్లటి నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని, రెండు గీతలు చెక్కి ఒకసారి ముంచి, మళ్ళీ రెండు గీతలు చెక్కాలి. అంత ఉక్కలో కూర్చుని, నుదుటి మీది చెమట మైనం మీద పడకుండా భుజానికి తుడుచుకుంటూ పనిచేసే పిల్లలను చూస్తే నాకు పైకి చెప్పను కానీ చాలా ముద్దొస్తారు.

నేను చెప్పబోయేది ఆ ల్యాబ్ కొత్తగా నా చేతికి వచ్చిన ఏటి సంగతి. వెనక బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. తోటివాళ్ళు ఆమెను అక్కా అని పిలిచేవారు, ఆమె వాళ్ళ బ్యాచ్ కాదు మరి. రాత పరీక్షలన్నీ మంచి మార్కులతో గట్టెక్కి, ఈ ఒక్క ప్రాక్టికల్‌లో రెండుసార్లు తప్పింది. తనతో చేరినవాళ్ళు పై తరగతికి వెళ్ళిపోతే, తను చిన్నవాళ్ళ మధ్య మళ్ళీ మైనం చెక్కుతోంది. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ వెనక గల్లీలో వాళ్ళ ఇల్లు. తండ్రి దుబాయ్‌లో డ్రైవర్. ఇంట్లో తల్లి, తల్లికి తల్లి, ఈ అమ్మాయి. కాలేజీకి మేమిద్దరం ఒకే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం. మొదట్లో నేను ఎక్కడం చూసి ఆమె వెనక సీటుకు జరిగిపోయేది.

ఒకరోజు బస్సులో వేరే సీటు లేక నా పక్కన కూర్చోక తప్పలేదు. "ఈసారన్న గట్టెక్కుతవా?" అని నా అలవాటు ప్రకారం మొహం మీదే అడిగేశాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈసారి పోతే మానేస్త మేడం. ఆర్మూర్లనే డిగ్రీల జేరిపోత" అంది.

"ఇంట్ల ఏమన్నరు?"

"ఎవ్వలికీ జెప్పలే. దుబాయ్ నుంచి అబ్బా ఫోన్ జేస్తే అంత మంచిగనే నడుస్తుందని జెప్తున్న. నానికి తెలిస్తే ఫికర్ జేస్కుంటది, అన్నం గూడ తినది. మీరు గూడ జెప్పకుండ్రి మేడం."

నాని అంటే ఆమె అమ్మమ్మ. చిన్నప్పటి నుంచి ఆ అమ్మాయిని పెంచింది ఆమేనట. బీడీలు చుట్టింది, సీజన్లో మార్కెట్‌లో పసుపు కొమ్ములు ఏరే పనికి వెళ్ళింది, మనవరాలు డాక్టరమ్మ కాబోతున్నదని గల్లీ అంతా చాటింది. ఇదంతా ఆ అమ్మాయి చెప్తుంటే విన్నాను కానీ, నాకు జాలికంటే ముందు చిరాకు వచ్చింది. రాత పరీక్షలు అంత బాగా రాసిన పిల్ల చేతికి మైనం ఎందుకు లొంగదు? అప్పటికి నేను ఆమె చెక్కిన పన్నును దగ్గరగా చూడనే లేదు. మర్నాడు మొదట ఆ వెనక బల్ల దగ్గరికే వెళ్ళాను.

కింది దవడ దౌడపన్ను చెక్కుతోంది. చేతిలోకి తీసుకుని చూశాను. వేర్లు చక్కగా వచ్చాయి, నడుము దగ్గర వంపు కూడా ఉండాల్సినట్టే ఉంది. పైభాగం మాత్రం అరిగిపోయిన మెట్టులాగా చదునుగా ఉంది. దౌడపన్నుకు నమలడానికి మొనలుండాలి. పిల్లలు వాటిని కస్పులంటారు. కింది మొదటి దౌడపన్నుకు అవి ఐదు. ఈ పన్నుకు ఉన్నాయా అంటే ఉన్నాయి, కానీ వెతుక్కోవాలి.

"మొనలేవి? ఎవలన్న ఎత్కపోయిన్రా?" అని అరిచాను. ల్యాబ్ అంతా ఇటు తిరిగింది.

"గింతే ఉంటయి గద మేడం" అంది ఆమె. ఎదురు చెప్పడం కాదు, నిజంగానే అట్లా అనుకుంటోంది. ఆ గొంతు విని నా కోపం ఆగిపోయింది.

"ఎక్కడ సూసినవ్ గింతే ఉంటయని?"

ఆమె సంచీలోంచి ఒక గాజుసీసా తీసి బల్ల మీద పెట్టింది.

ఇక్కడ మా కాలేజీల పద్ధతి ఒకటి చెప్పాలి. మొదటి సంవత్సరం చేరగానే పిల్లలందరినీ ఊళ్ళోని పళ్ళ డాక్టర్ల దగ్గరికి వెళ్ళి, పీకేసిన పళ్ళు అడిగి తెచ్చుకోమంటాం. మందునీళ్ళలో నానబెట్టి శుభ్రం చేసి సీసాలో పెట్టుకుంటారు. చదువుకునేటప్పుడు వాటినే చూస్తారు, వేలితో తడుముతారు. హైదరాబాద్ పిల్లల సీసాల్లో ఉండేవి ఎక్కువగా వంకర పళ్ళకు తీగ కట్టడం కోసం తీసేసినవి. ఈడు పిల్లల నోట్లోంచి వచ్చిన గట్టి పళ్ళు, ముత్యాల్లా ఉంటాయి. ఆర్మూర్‌లో పన్ను పీకించుకునేది ఎవరు? చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చే పెద్దవాళ్ళు. ఏళ్ళ తరబడి జొన్నరొట్టె, కాల్చిన మక్కకంకి, తంబాకు నమిలిన పళ్ళు. ఆ అమ్మాయి సీసాలో ఉన్నవన్నీ అవే, అన్నీ కింది దవడవే.

నేను సీసాలోంచి ఒక దౌడపన్ను తీసి ఆమె చెక్కిన దాని పక్కన పెట్టాను. చెంపవైపు మొనలు లోపలి వైపు వాటికంటే ఎక్కువ అరిగిన తీరు, ఒక మూల నున్నగా పలకబారిన తీరు, అరుగుదలకు మధ్యలో పడిన చిన్న గుంట, అన్నీ దిగాయి మైనంలో. ఇన్నేళ్ళుగా వేల పళ్ళు చూశాను, అంత నిజాయితీగా చెక్కిన పన్నును చూడలేదు. ఆ పిల్ల చేతికి విద్య రాకపోవడం కాదు, ఎంత రావాలో అంతా వచ్చింది. ముసలివాళ్ళ పళ్ళు చూసి ముసలి పళ్ళు చెక్కింది. పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్ళు కొత్త పన్ను కావాలన్నారు, ఇది చూసి చెయ్యి రాలేదనుకుని వెళ్ళిపోయారు.

"బొమ్మల్ల ఎట్లుంటయో సూడలేదా మరి?"

"సూసిన మేడం. బొమ్మ గద, జర ఎక్కువ జేసి గీసిన్రనుకున్న. నిజం పండ్లు చేతుల ఉన్నంక బొమ్మను ఎందుకు నమ్మాలె?"

నాకు నవ్వు ఆగలేదు. నిజమే కదా, ఎందుకు నమ్మాలి? నవ్వుతూనే కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ముందు బల్లల వాళ్ళు బిత్తరపోయి చూశారు, ఆ ల్యాబ్‌లో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

"గిది ఎవరిది?" అని నా చేతిలో ఉన్న పన్ను చూపించి అడిగాను. సీసాలో అన్నిటికంటే అరిగింది అదే.

"మా నానిది మేడం" అంది ఆమె, కాస్త సిగ్గుపడుతూ.

అట్లాంటి పిల్లకు కొత్త పన్ను బొమ్మ చూపించి, ఇట్లా చెక్కు అని చెప్తే ప్రయోజనం లేదు. చేత్తో పట్టుకున్నదే నమ్ముతానని ఆమె తేల్చి చెప్పేసింది. అందుకని ఆరోజు నేను కత్తి పక్కన పెట్టించాను. దీపం మీద మైనం కరిగించి, సన్న కడ్డీ కొనతో ఒక్కో బొట్టు తీసి వేయడం చూపించాను. చెక్కడంలో తీసేయడమే ఉంటుంది. ఈ పద్ధతిలో పెట్టడం ఉంటుంది. "గీ పన్ను కొత్తగ మొలిచినప్పుడు గిట్ల లేదు. తిని తిని అరిగింది. అరిగినంత మైనం మళ్ళ పెట్టు. ఎంత పెట్టాల్నో నన్ను అడగకు, పన్నునే అడుగు" అన్నాను.

పన్నును అడగడమంటే ఏమిటో ఆమెకు అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టలేదు. అరిగిన పన్ను మీద నున్నటి పలకలుంటాయి. ప్రతి పలకా ఎదుటి పన్ను రాసుకుంటూ పోయిన దారి. ఏ పలక ఎటు వాలి ఉందో చూస్తే దవడ ఎటు కదిలిందో తెలుస్తుంది. పై దౌడపన్ను లోపలి వైపు పెద్ద మొన వచ్చి కింది పన్ను నడుమ గుంటలో కూర్చుంటుంది, రోకలి రోట్లో పడ్డట్టు. నమిలేటప్పుడు మాత్రం రోకలిలా నిలువుగా పడి ఊరుకోదు, పక్కకు జారి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ జారడానికి దారి ఉండాలి. దారి లేకపోతే ఎంత అందమైన పన్నయినా అడ్డం తగిలి దవడ నొప్పి పెడుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివి, చిత్రం గీసి, అప్పజెప్పి, పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకుంటారు పిల్లలు. నానమ్మల, తాతల పళ్ళు చేతిలో పట్టుకుని అసలు దారిని వేలితో తడిమి తెలుసుకున్నది ఈ అమ్మాయే.

మైనంతో కట్టిన పన్ను ఎదుటి పన్నుకు ఎక్కడ తగులుతున్నదో చూడడానికి తెల్లటి పొడి ఒకటి దొరుకుతుంది. కుంచెతో పొడి అద్ది, పైదీ కిందిదీ ఆనిస్తే తగిలినచోట పొడి లేచిపోయి మైనం కనిపిస్తుంది. మా ల్యాబ్‌లో ఆ పొడి అయిపోతే నేను ఇంటి నుంచి పసుపు తెస్తాను. మా పసుపును పలచటి గుడ్డలో వేసి జల్లిస్తే పొడికంటే మెత్తగా వస్తుంది, నీలం మైనం మీద స్పష్టంగా కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఇదేం పూజ అని నవ్వుతారు. ఆర్మూర్ పిల్లలు మాత్రం ఏమీ అడగరు. పంట వచ్చే రోజుల్లో మార్కెట్ ముందు బస్సు ఆగితే సీట్ల మీద కూడా పసుపే ఉంటుంది మరి.

వారాలు గడిచాయి. క్లాసు అయిపోయాక ఆ అమ్మాయి బస్సు వేళ వరకూ ల్యాబ్‌లోనే ఉండేది. సీసాలోని ఒక్కో ముసలి పన్నుకు వయసు తగ్గించడం ఆమె పని. బొట్టు పెడుతుంది, పసుపు అద్దుతుంది, ప్లాస్టర్ పైదవడకు ఆనిస్తుంది, మచ్చ చూస్తుంది, తల అడ్డంగా ఊపి గీకేస్తుంది. నేను పక్కన బల్ల మీద పేపర్లు దిద్దుకుంటూ ఓరకంట చూసేదాన్ని. నాకు ఏదైనా తప్పు దొరికి నోరు తెరిచేలోపే ఆమెకు అది దొరికేది. నేను నేర్పిన పిల్లల్లో తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఓపిక ఉన్నవాళ్ళు కొందరున్నారు. తన చేతిలోని పనిని ఇంకొకరి నోరుగా చూసే పిల్లను చూడడం నాకు అదే మొదలు. ఒకసారి ఒక పన్ను చూపించి, "ఈన ఒక్క దిక్కే నమిలేటోడు మేడం, అవుతలి దిక్కు నొప్పుండచ్చు" అంది. ఆ మనిషి ఎవరో ఆమెకు తెలియదు, నాకు తెలియదు. కానీ ఆయన్ను చూసినట్టే అనిపించింది నాకు.

బస్సులో ఇప్పుడు నా పక్కనే కూర్చునేది. అయినా పరీక్ష మాట వస్తే ముడుచుకుపోయేది. "పోతే మానేస్త" అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ మానకు అని బతిమాలలేదు. రెండుసార్లు పోయిన మనిషికి పక్కనున్నవాళ్ళు చెప్పే ధైర్యం ఎంత చేదుగా ఉంటుందో నాకు తెలుసు.

పరీక్షరోజు ఎండ మండిపోతోంది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి పెద్దాయన, మాట పొదుపు. పిల్లలు చీటీలు తీశారు. చీటీలో ఏ పన్ను వస్తే ఆ పన్ను చెక్కాలి. ఆమెకు పై దవడ కుడివైపు మొదటి దౌడపన్ను వచ్చింది. ఆమె సీసాలో ఉన్నవన్నీ కింది పళ్ళే. పైది బొమ్మలూ ప్లాస్టరూ చూసి చెక్కడమే తప్ప నిజం పన్ను చేతిలో పట్టుకుని నేర్చుకున్నది కాదు. పోయినసారి తప్పింది కూడా పైపన్ను దగ్గరేనని ఒకసారి తనే చెప్పింది. నేను అదే గదిలో ఉన్నాను కానీ పరీక్షలో పలకరించడానికి లేదు, దగ్గరికి వెళ్ళి నిలబడడానికీ లేదు.

మిగతావాళ్ళందరూ దిమ్మె చెక్కడం మొదలుపెట్టారు. ఈమె దిమ్మె ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. ఎంతసేపటికీ కదలదు. కింది దవడ మాత్రం మెల్లగా అటూ ఇటూ కదులుతోంది, ఏదో నములుతున్నట్టు. లే, మొదలుపెట్టు అని అరవాలని నా గొంతు దాకా వచ్చింది. ఇంత పెద్ద గొంతు పెట్టుకుని మూగదానిలా నిలబడడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. చివరికి కళ్ళు తెరిచి, దిమ్మెను నీళ్ళలో ముంచి, కత్తి తీసుకుంది.

ఇక ఆగలేదు. వేర్లు విడిపోయాయి, నడుము వచ్చింది, చెంపవైపు రెండు మొనలు లేచాయి, లోపలి పెద్ద మొన గుండ్రంగా బలంగా నిలబడింది. మొనలు పదునుగా, నిన్నో మొన్నో చిగురు చీల్చుకుని వచ్చిన పన్నులా ఉన్నాయి. నేను దూరం నుంచే చూసి, అల్లా, రాముడు ఎవరు వింటే వాళ్ళకు దండం పెట్టుకున్నాను. ఇంక కత్తి కింద పెట్టెయ్ తల్లీ అనుకున్నాను. సమయం అయిపోవస్తుండగా ఆమె పన్నును వెలుతురుకు ఎత్తి చూసింది. మళ్ళీ కత్తి తీసుకుంది. పెద్ద మొన వాలు మీద గీకింది. మళ్ళీ పాత అలవాటేనా, మళ్ళీ చదును చేస్తోందా? ఒక్క గీతే గీకి, గుడ్డతో తుడిచి, కత్తి కింద పెట్టేసింది.

పరీక్షాధికారి ఆమె పన్ను తీసుకుని వెనకా ముందూ తిప్పారు. తర్వాత తన బల్ల మీదున్న ప్లాస్టర్ కింది దవడ దగ్గరికి తీసుకెళ్ళి, ఎదుటి పన్ను మీద ఆనించి చూశారు. అటూ ఇటూ కదలలేదు, నిలబడింది. పక్కకు జరిపారు. ఎక్కడా పట్టకుండా జారింది.

"చివర్లో ఈ వాలు మీద ఎందుకు గీకావమ్మా? ముందే బాగుంది కదా" అని అడిగారు.

"మూస్తే బాగుంటది సార్. నమిలితే తగులుతది" అంది ఆమె. "దవడ పక్కకు పోయెటప్పుడు గా కింది మొనకు దారి గావాలె. అందుకే జర తీసిన."

ఆయన నోరు మూసుకుని తన దవడను మెల్లగా ఒక పక్కకు కదిపారు. మళ్ళీ ఇంకో పక్కకు. అంత పెద్దమనిషి నా మొదటిరోజు పిల్లల్లాగా బుగ్గలు బిగించి కూర్చుంటే, సంతోషంతో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమట తుడుచుకుంటున్నట్టు కొంగుతో తుడుచుకున్నాను.

సాయంత్రం బస్సులో అడిగాను. "పై పన్ను నీ దగ్గర ఒక్కటి గూడ లేకపాయె. గంత మంచిగ ఎట్ల వచ్చింది?"

"నాని కుడి దిక్కు కింది పన్ను నాకు మొత్తం యాదికున్నది మేడం. అరిగినంత మైనం పెట్టి కొత్తగ జేసిన గద. దాని మీద ఏ పన్ను కూసుంటదో, ఎట్ల జారుతదో మనసుల పెట్టుకున్న. గా పన్నే చెక్కిన." మళ్ళీ తనే అంది. "నాని పై పన్ను నేను పుట్టకముందే ఊడిపోయిందంట. ఎదురుది లేకనే కిందిది పైకి లేసి కదిలింది, పోయినేడు తీపిచ్చినం. నేను గా పై పన్నును ఎన్నడు సూడలే మేడం. ఇయ్యాల్నే సూసిన."

పళ్ళ గురించి ఇంత చదివి, ఇంతమందికి చెప్పిన నాకు, లేని పన్నును దాని జోడీని బట్టి వెతికి తీయవచ్చునని అంత సూటిగా తోచి ఉండేది కాదు. గొప్పగా చేసినవ్ బిడ్డా అన్నాను. నా నోట అంతకుముందు ఏ పిల్లా ఆ మాట వినలేదు, ఆమెకూ అది తెలుసు కాబట్టి తల వంచుకుని కూర్చుంది.

ఫలితాలు వచ్చాయి. పాసయింది. ఇక మానేయడం అన్న మాట లేదు. రంజాన్ పండుగ కూడా అప్పుడే రావడంతో ఆమె తల్లి నన్ను ఇంటికి పిలిచింది. పసుపు మార్కెట్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. నాని మంచం మీద కూర్చుని ఉంది. చిన్న మనిషి, ముందుపన్ను అంచున బీడీల దారం కొరికి కొరికి పడిన గాటు. నేను ముందుగా చూసింది పన్నే, ఏం చేస్తాం, వృత్తి అట్లాంటిది. నాని సేమ్యా గిన్నె నా చేతిలో పెట్టి, తినేదాకా పక్కకు చూడనివ్వలేదు.

పరీక్షలో చెక్కిన పన్ను కాలేజీ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. అందుకని ఆ అమ్మాయి సెలవుల్లో అలాంటిదే ఇంకొకటి చెక్కింది. ఆరోజు దాన్నీ, మైనం పెట్టి కొత్తగా చేసిన కింది పన్నునూ తెచ్చి నాని అరచేతిలో పెట్టింది. అవి ఏమిటో ఉర్దూలో చెప్పింది. నాని చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కో చేతి వేళ్ళతో ఒక్కోదాన్ని పట్టుకుని, పైదాన్ని కిందిదాని మీద కూర్చోబెట్టి, మెల్లగా పక్కకు జరిపింది, మళ్ళీ వెనక్కి తెచ్చింది. ఎవరూ ఆమెకు నేర్పలేదు.

"గింత పదునుండెనా నాయి?" అంది నాతో. "గందుకే మరి, గప్పుడు మస్తు తిందును బిడ్డా. మక్కకంకులు కాలిస్తే నాకన్న ముందు ఎవ్వలు తిని ఒడగొట్టకపోదురు."

అందరం నవ్వాం. నాని నవ్వలేదు. మనవరాలి వైపు తిరిగి, "గివి నా నోట్ల ఎప్పుడు పెడ్తవే?" అని ఉర్దూలోనే అడిగింది.

"ఇంక నాలుగేండ్లు పడ్తది నానీ. సదువు అయిపోవాలె గద."

అప్పటిదాకా వాళ్ళిద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకుంటున్నారు, నాతోనే తెలుగు. నాని ఈ మాట మాత్రం మనవరాలితో తెలుగులోనే అంది, నాకు కూడా వినిపించాలని కావచ్చు.

"నాలుగేండ్లు నేను ఉంట తియ్ బేటీ. ఇగ నువ్వు మాత్రం మానేస్త మానేస్త అని దిండుల మొఖం పెట్టుకుని ఏడ్వకు. రాత్రిపూట నాకు అన్నీ ఇనొస్తయి."